పర్సులో దాచుకున్న పార్కింగ్ కార్డు

నేను కాళ్ల డాక్టర్ని. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్ నుంచి రెండు మలుపులు తిరిగితే వచ్చే చిన్న క్లినిక్‌లో ఉద్యోగం మొదలుపెట్టి, అక్కడే రిటైరయ్యాను. మా అత్తగారు కొత్తవాళ్లకి నన్ను పరిచయం చేసేటప్పుడు "మా కోడలు డాక్టర్" అని గొంతు పెంచి చెప్పేవారు. "ఏం డాక్టరండీ?" అని వాళ్లు అడగ్గానే ఆవిడకి స్టవ్ మీద పాలు గుర్తొచ్చేవి. గుండె అయినా, కళ్లయినా, ఆఖరికి పళ్లయినా చెప్పుకోవడానికి కాస్త దర్జాగా ఉండేది పాపం.

ఈమధ్య మన పిల్లలు కూడా ఈ చదువులోకి వస్తున్నారు. మొన్నో పెళ్లిలో ఇద్దరు అమ్మాయిలు భోజనాల దగ్గర నన్ను పట్టుకుని, "ఆంటీ, స్కూల్లో చెప్పనిది ఏదైనా చెప్పండి" అన్నారు. నా చేతిలో ఒక గారె, నోట్లో ఇంకో గారె. ఏం చెప్పను? అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఆనెలు ఎలా తీయాలో, మడమ నొప్పికి ఏ సూది ఇవ్వాలో మీ ప్రొఫెసర్లు నాకంటే బాగా చెబుతారు. నేను చెప్పబోయేది పార్కింగ్ కార్డు గురించి.

నవ్వకండి. కారు అద్దం దగ్గర వేలాడదీస్తారే, చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న కార్డు, అదే. దానికి అప్లై చేసుకోవాలంటే "ఈ మనిషి మధ్యలో ఆగకుండా రెండు వందల అడుగులు నడవలేరు" అనో, అలాంటిదే ఇంకో కారణమో రాసి డాక్టర్ సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం వచ్చినవాళ్లనీ, రాకుండా తప్పించుకు తిరిగినవాళ్లనీ చూశాకే మనుషుల గురించి నాకు కొంచెం తెలిసింది. ఇందులో పేర్లన్నీ మార్చాను. ముఖ్యమైన ఇద్దరికీ ముందే చదివి వినిపించి ఒప్పించాను. వాళ్లలో ఒకావిడ "పేరు మార్చేదేదో ఇంకాస్త అందమైనది పెట్టకూడదూ" అని అలిగారు కూడా.

కిటికీ

మా క్లినిక్ ఓనరు డాక్టర్ కెల్లీ. తాటిచెట్టంత మనిషి. మాట తక్కువ, కాఫీ ఎక్కువ. నేను చేరిన కొత్తలో, పేషెంట్ వచ్చారనగానే ఫైల్ పట్టుకుని గదిలోకి పరిగెత్తేదాన్ని. ఒకరోజు ఆయన నన్ను ఆపి, "ఎక్కడికి?" అని అడిగాడు.

"పేషెంట్ వచ్చారు కదా!"

"పేషెంట్ ఇంకా కార్లోనే ఉంది. ఇలా రా."

ఆయన గది కిటికీలోంచి పార్కింగ్ లాట్ మొత్తం కనిపిస్తుంది. ఒక పెద్దావిడ కారు తలుపు తీసి, ఒక కాలు కిందపెట్టి, తలుపు పట్టుకుని, లేవబోయి, మళ్లీ కూర్చుంది. చుట్టూ చూసింది. ఎవరూ చూడట్లేదని నమ్మకం కుదిరాక రెండు చేతులతో సీటు నొక్కిపట్టి లేచింది. లాట్‌లో కాలీడుస్తూ వచ్చిన మనిషి మా తలుపు దగ్గరకి రాగానే నిటారుగా నిలబడి, జుట్టు సర్దుకుని, నవ్వుతూ లోపలికి అడుగుపెట్టింది.

"గదిలో అందరూ మర్యాదస్తులే. నువ్వు అడిగినదానికి నీ మనసు నొచ్చుకోని జవాబు చెబుతారు. కారు దిగేటప్పుడు ఎవరికీ అంత ఓపిక ఉండదు" అన్నాడు కెల్లీ.

ఆ తర్వాత నేనెప్పుడూ కిటికీలోంచి చూడకుండా పేషెంట్ గదిలోకి వెళ్లలేదు. మీరూ అంతే చేయండి. మీ క్లినిక్‌కి కిటికీ లేకపోతే బయటికి వెళ్లి చెత్త పడేసే నెపంతోనైనా నిలబడండి.

ఆయనలో నాకు నచ్చనిదీ ఒకటుంది. కార్డుకి సంతకం అడిగిన ప్రతివాళ్లనీ జేబుదొంగని చూసినట్టు చూసేవాడు. నిజంగా అవసరమైనవాళ్లు ఆ చూపుకి జడుసుకుని, అడగకుండానే వెళ్లిపోయేవాళ్లు. ఈ విషయమై ఆయనతో చాలాసార్లు గొడవపడ్డాను. ఆయన మారలేదు, నేను వదల్లేదు.

అయితే మనవాళ్ల గురించి ఒక సంగతి నాకంటే ముందు ఆ ఐరిష్ మనిషే కనిపెట్టాడు. మన పేషెంట్లు వచ్చినప్పుడు ఏదైనా తిరకాసు వస్తే నన్ను పిలిచేవాడు. "నడక ఎలా ఉంది?" అని నేను అడుగుతాను. "పర్లేదండీ" అంటారు వాళ్లు. "ఏదో నడుస్తోందండీ" అంటారు ఇంకొందరు. కాళ్ల డాక్టర్ దగ్గర కూర్చుని ఏదో నడుస్తోందనడం ఏమిటో నాకైతే అర్థమయ్యేది కాదు. "ఏమంటున్నారు?" అని కెల్లీ అడిగితే "ఓకే అంటున్నారు" అని చెప్పేదాన్ని. కొన్నాళ్లకి ఆయనకి నా తర్జుమా అక్కర్లేకపోయింది. పేషెంట్ నోటినుంచి "పర్లేదు" రాగానే నర్సుతో, "ఎక్స్‌రే" అనేవాడు.

అడిగేవాళ్లు

అడిగేవాళ్ల కథలు సరదాగా ఉంటాయి కాబట్టి ముందు అవి చెబుతాను.

రవి అని ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు. మడమ నొప్పని వచ్చాడు. ఇన్‌సోల్స్ ఇచ్చాను, ఎక్సర్‌సైజులు చూపించాను. వెళ్లబోతూ తలుపు దగ్గర ఆగాడు. అసలు విషయం ఎప్పుడూ తలుపు దగ్గరే బయటికొస్తుంది, గుర్తుపెట్టుకోండి.

"డాక్టర్ గారూ, ఆ హ్యాండీక్యాప్ పార్కింగ్‌ది ఒక్క సైన్ చేసి ఇస్తారా? ట్రైన్ స్టేషన్‌లో పార్కింగ్ దొరకట్లేదండీ. డైలీ టెన్షన్."

"నిన్న పార్క్‌లో వాలీబాల్ టోర్నమెంట్ అయింది కదూ?"

"అవునండీ. మీరొచ్చారా?"

"మా ఆయన వచ్చారు. నెట్‌కంటే అడుగు పైకి ఎగిరి స్మాష్ కొట్టింది రవేనని ఇంటికొచ్చి తెగ మెచ్చుకున్నారు."

రవి తన బూట్ల వంక చూసుకున్నాడు. "అది అడ్రినలిన్ అండీ" అన్నాడు చివరికి.

ఇంకో ఆయన కేసు పోలీసులదాకా వెళ్లింది. ఆయన అత్తగారికి రెండు మోకాళ్లూ, ఒక పాదం పాడయ్యాయి. కార్డుకి నేనే సంతకం పెట్టాను. ఆవిడకి అది న్యాయంగా రావాల్సిందే. చలి మొదలవక ముందే ఆవిడ గుంటూరు వెళ్లిపోయారు. కార్డు మాత్రం అల్లుడి కార్లో ఉండిపోయింది. దీపావళి ముందు శనివారం ఓక్ ట్రీ రోడ్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అల్లుడుగారు మిఠాయి కొట్టు ముందు, కార్డున్నవాళ్లకి మాత్రమే కేటాయించిన నీలం గడిలో దర్జాగా కారు ఆపి, కార్డు తగిలించి, కాజూ కత్లీ కొనుక్కుని బయటికొచ్చేసరికి పోలీసాయన ఎదురుచూస్తున్నాడు.

"ఈ పర్మిట్ ఎవరిది?"

"మా మదరిన్‌లాది."

"ఆవిడ ఎక్కడున్నారు?"

"గుంటూర్‌లో."

పోలీసాయన వీధి రెండు వైపులా ఒకసారి చూసి, "అది ఏ షాపు?" అని అడిగాడట.

ఫైన్ పడింది, పర్మిట్ రద్దు చేస్తామని నోటీసూ వచ్చింది. ఆ పెద్దమనిషి నా దగ్గరకొచ్చి, "మీరో లెటర్ రాసిస్తే మేనేజ్ అవుతుందేమోనండీ" అన్నాడు.

"ఏమని రాయమంటారు? మీ అత్తగారు గుంటూరు వెళుతూ మోకాళ్లు మీ కార్లో మర్చిపోయారనా?"

నవ్వాడు గానీ, నాకు నవ్వు రాలేదు. వసంతకాలంలో ఆవిడ తిరిగొచ్చేసరికి కార్డు లేదు. మళ్లీ మొదటినుంచీ తిరగాల్సి వచ్చింది, అదీ ఆ మోకాళ్లతో. కార్డు మనిషిది. కారుది కాదు, కుటుంబానిది అంతకన్నా కాదు. పచ్చడి జాడీలా ఇంటింటికీ పంచుకోవడానికి వీల్లేదని సంతకం పెట్టిన ప్రతిసారీ మొత్తం కుటుంబాన్ని కూర్చోబెట్టి చెప్పండి.

అడగని మనిషి

ఇక హైమావతి గారు. కూచిపూడి టీచరు. మన ఊళ్లో నాట్యం నేర్చుకున్న ఆడపిల్లల్లో సగంమంది ఆవిడ దగ్గర చేతిమీద కర్ర దెబ్బ తిన్నవాళ్లే. చాలా ఏళ్లుగా షుగరు. దాన్ని ఆవిడ ఇంటికొచ్చిన దూరపు చుట్టంలా చూసేవారు, పెద్దగా పట్టించుకోకుండా.

ఏప్రిల్‌లో ఒకరోజు అపాయింట్‌మెంట్ తీసుకుని వచ్చారు. కిటికీలోంచి చూశాను. వెన్ను నిటారుగా, మెడ ఎత్తుకుని, వేదిక మీద నడిచినట్టే నడిచారు. కానీ ఎడమ పాదం నేలమీద పడే తీరు నాకు నచ్చలేదు. మడమ, వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఆనాల్సింది, మొత్తం పాదం ఒకేసారి చప్పున పడుతోంది.

"గజ్జెలు కడితే ఎడమ కాలికి బిగుతుగా ఉంటోందండీ. ఏదైనా క్రీమ్ రాసివ్వండి" అన్నారు లోపలికొచ్చి.

"ఎప్పట్నుంచి ఈ వాపు?"

"ఏదో కొన్నాళ్లుగా. పర్లేదండీ, నొప్పేం లేదు."

రెండు పాదాలమీదా రెండు చేతులు పెట్టి చూశాను. కుడిది మామూలుగా ఉంది. ఎడమది జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా కాలిపోతోంది. కెల్లీ నేర్పినట్టే చేశాను. ఎక్స్‌రే వచ్చాక ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

షుగరు వల్ల కొందరికి పాదంలో స్పర్శ పోతుంది. ఎముకలు విరుగుతున్నా నొప్పి తెలియదు. తెలియదు కాబట్టి నడుస్తారు, నడిచేకొద్దీ ఇంకా విరుగుతాయి. ఆపకపోతే పాదం కుంగిపోయి, అడుగున పుండుపడి, చివరికి కాలు తీసేయాల్సి వస్తుంది. హైమావతి గారికి అదే మొదలైంది. ఇవన్నీ ఆవిడకి దాచకుండా చెప్పాను. ఇలాంటిచోట నసిగితే పేషెంట్‌కి అన్యాయం చేసినట్టే.

"మోకాలిదాకా వచ్చే ప్లాస్టిక్ బూట్ ఒకటి ఇస్తాను. ఎముకలు అతికేదాకా అది లేకుండా అడుగు వేయకూడదు. దాంతో కూడా వీలైనంత తక్కువ నడవాలి. పిల్లలకి అడుగులు వేసి చూపించడం బంద్."

"జూన్‌లో మా శిష్యురాలు అనన్య రంగప్రవేశం ఉందండీ!"

"మీరు ఆడతారా?"

"నేనెందుకాడతాను? నట్టువాంగం చేయాలి. తాళాలు పట్టుకుని కూర్చోవడమే."

"మరింకేం? కారు దిగి తలుపుదాకా నడిచే దూరం కూడా తగ్గించాలి. పార్కింగ్ కార్డుకి రాసిస్తాను, తాత్కాలికమైనది."

ఎముకలు విరిగాయంటే కదలని మనిషి, ఆ మాట వినగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఆ కుర్చీ బొమ్మా? డాన్స్ టీచర్ కార్లోనా?"

"కూర్చోండి ముందు. ఎడమ కాలు ఆనించకండి."

"ఆగకుండా రెండు వందల అడుగులు నడవలేనని మీరు సంతకం పెడతారా? నడవడం ఏంటండీ, తరంగం ఆడతాను. ఇత్తడి పళ్లెం తెప్పించండి, ఇప్పుడే ఎక్కి చూపిస్తాను!"

"ఆడగలరు. అదే కదా నా భయం. నొప్పి తెలిస్తే ఆడేవారు కాదు."

అప్పుడు కూర్చున్నారు. గొంతు తగ్గించి, "తల్లులు చూస్తే పిల్లల్ని మాన్పించేస్తారండీ. కుంటి టీచర్ ఏం నేర్పిస్తుందంటారు. ఈ క్లాసులే నా బతుకు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ వేళ్లు ఒళ్లో తాళం వేస్తూనే ఉన్నాయి. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చే పేషెంట్లు మీకు చాలామంది తగులుతారు.

పోలీస్ స్టేషన్

సంతకం పెట్టి ఇచ్చాను. మా రాష్ట్రంలో శాశ్వతమైన నీలం కార్డు కావాలంటే మోటార్ వెహికిల్ ఆఫీసుకి వెళ్లాలి. తాత్కాలికమైన ఎర్ర కార్డు మాత్రం ఊరి పోలీస్ స్టేషన్‌లో ఇస్తారు. ఇది చెప్పగానే హైమావతి గారు గుండెమీద చెయ్యేసుకున్నారు.

"పోలీస్ స్టేషన్‌కా! మా ఇంటా వంటా లేదండీ!"

"అరెస్ట్ చేయరు. కార్డిస్తారు."

"నలుగురూ చూస్తే?"

"ఆ నలుగురూ పోలీస్ స్టేషన్‌లో ఏం చేస్తున్నారని మీరు అడగండి."

ఎన్నో సాకులు చెప్పి చివరికి వెళ్లారు. పట్టుచీర కట్టుకుని మరీ. పట్టుచీరలో ఉన్న మనిషిని ఎవరూ నేరస్తురాలు అనుకోరని ఆవిడ లెక్క. కౌంటర్‌లో ఆఫీసరు "హౌ ఆర్ యూ టుడే?" అనగానే అలవాటు కొద్దీ "అయామ్ ఫైన్, థాంక్యూ!" అనేశారట. ఆయన కాగితం చూశాడు, ఈవిడని చూశాడు, మళ్లీ కాగితం చూశాడు. "ఫైన్ అయితే ఎందుకొచ్చావమ్మా అంటాడేమోనని వణికిపోయానండీ" అని నాకు ఫోన్ చేసి చెప్పారు.

"కార్డు వచ్చింది కదా, తగిలించారా?"

"పర్సులో భద్రంగా ఉందండీ. లోపలి జిప్‌లో. కుంకుమ పొట్లం పక్కన."

"కుంకుమ పొట్లం పక్కన దాచుకోవడానికా ఇచ్చింది? కారు ఆపినప్పుడు అద్దానికి తగిలించాలి."

"అంటే క్లాసు ముందు ఆపినప్పుడు తగిలించాలన్నమాట. తల్లులు నిలబడేది సరిగ్గా అక్కడే. అసలే ఆ అనన్య వాళ్లమ్మ సుజాత గారు ఒకరు. ఆవిడ కంట పడితే ఇంక ఊరంతా తెలిసినట్టే!"

నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను.

నోటికి తాళం

ఎందుకంటే ఆ సుజాత కూడా నా పేషెంటే. కీళ్లవాతం. చేతులమీద అంతగా కనిపించదు గానీ పాదాల్లో చిన్న కీళ్లన్నీ పట్టేశాయి. పొద్దున్నే మంచం దిగాలంటే గాజుపెంకుల మీద దిగినట్టు ఉంటుందని ఆవిడే చెప్పింది. నీలం కార్డుకి నేనే సంతకం పెట్టాను. ఆరోజు ఆవిడ నా చేయి పట్టుకుని ఏమందో తెలుసా?

"డాక్టర్ గారూ, ఇది మాత్రం అనన్య వాళ్ల టీచర్ గారికి తెలియనివ్వకండి. తల్లికుంటే కూతురికి కూడా వస్తుందనుకుని దాన్ని వెనక వరుసలోకి నెట్టేస్తారు. ఆవిడ చాలా స్ట్రిక్ట్."

ఆ కార్డు కూడా పర్సులోనే ఉంది.

చూశారా నా అవస్థ? ఈవిడకి భయపడి ఆవిడ, ఆవిడకి భయపడి ఈవిడ. ఇద్దరి ఫైళ్లూ నా బీరువాలో పక్కపక్కనే. ఒక్క ముక్క చెబితే చాలు, హైమావతి గారి కాలు నిలుస్తుంది. చెప్పడానికి వీల్లేదు. ఒక పేషెంట్ సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తకూడదని చట్టం. చట్టం సంగతి అలా ఉంచండి, మన ఊళ్లో డాక్టర్ నోరు జారిందని తెలిస్తే ఆ మర్నాటినుంచి ఒక్క తెలుగు మనిషి కూడా మా మెట్లెక్కడు. కనిపెట్టడం కంటే కనిపెట్టింది కడుపులో పెట్టుకోవడమే ఈ ఉద్యోగంలో అసలు కష్టం. మీకు స్కూల్లో ఒక స్లైడ్‌లో చెప్పేసి ఉంటారు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలన్నీ దడదడలాడించాను. మావారు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమైంది లలితా?" అన్నారు.

"చెప్పకూడదు."

"నేనేమైనా చేశానా?"

"అదీ చెప్పకూడదు."

ఆయన రాత్రంతా బుద్ధిగా ఉన్నారు.

తర్వాతి వారాల్లో హైమావతి గారు చెకప్‌కి వచ్చినప్పుడల్లా బూట్ వేసుకునే వచ్చేవారు. దాని అడుగు చూస్తే కొత్తగా మెరుస్తూ ఉండేది. ఎక్స్‌రేలో మాత్రం ఇంకో ఎముక పక్కకి జరిగింది. "ఇలాగే ఇంకొన్నాళ్లు నడిస్తే కాలు నా చేతుల్లో ఉండదండీ. సర్జన్ చేతుల్లోకి పోతుంది" అన్నాను. "రంగప్రవేశం ఒక్కటీ అయిపోనివ్వండి" అన్నారు. అనవలసినవన్నీ అన్నాను, భయపెట్టాను, బతిమాలాను. ఏం చేసినా లాభం లేకపోయింది.

ఆఖరి వరుస

జూన్‌లో శనివారం. హైస్కూల్ ఆడిటోరియం. ఆవిడే స్వయంగా పిలిచారు కాబట్టి వెళ్లాను, పెందలాడే వెళ్లాను. గుమ్మం ఎదురుగా నీలం గళ్లు వరసగా ఖాళీగా ఉన్నాయి. అలవాటు ఎక్కడికి పోతుంది? లోపలికి వెళ్లకుండా నీడలో నిలబడి లాట్ చూస్తున్నాను.

హైమావతి గారి కారు వచ్చింది. ఖాళీ నీలం గళ్ల పక్కనుంచే వెళ్లింది, వెళ్లింది, లాట్ చివర చెట్లదాకా వెళ్లి ఆగింది. ఆవిడ దిగారు. ముదురాకుపచ్చ పట్టుచీర, తలనిండా పూలు. బూట్ లేదు.

అంతలో సుజాత వ్యాన్ వచ్చింది. అదీ నీలం గళ్లు దాటుకుని, తిన్నగా ఆఖరి వరుసకే పోయి ఆవిడ కారు పక్కనే ఆగింది.

ఇంక ఆగలేకపోయాను. నా కారు తీసుకుని వాళ్లవైపు వెళ్లాను. అద్దం దించేసరికి మాటలు వినిపించాయి. ఎండలో, పట్టుచీరల్లో, ఒకరికోసం ఒకరు మర్యాదగా నెమ్మదిగా నడుస్తున్నామనుకుంటూ ఇద్దరూ కుంటుతున్నారు.

"అదేంటి సుజాత గారూ, ఇంత దూరం పెట్టారు కారు?"

"ఈరోజు వాకింగ్ అవ్వలేదు టీచర్ గారూ. స్టెప్స్ కవర్ అవుతాయని. మీరేంటి?"

"నేనూ అందుకేనమ్మా. స్టెప్స్."

నాకు ఒళ్లు మండింది. బ్రేక్ వేసి, "ఎక్కండి ఇద్దరూ" అన్నాను.

"పర్లేదండీ" అన్నారు ఇద్దరూ కలిసి.

"పర్లేదూ లేదు, గిర్లేదూ లేదు. ఎక్కండి!"

నా గొంతు విని ఎక్కేశారు, వెనక సీట్లో. గుమ్మం దగ్గర మృదంగం దించేవాళ్లు, ఫుడ్ ట్రేలు దించేవాళ్లు అడ్డంగా ఉన్నారు. నేను తిన్నగా ఒక నీలం గడి పక్కకి తీసుకెళ్లి, ఇంజిన్ ఆపకుండా ఆగాను.

"ఇక్కడ ఆపాలంటే కార్డుండాలి. నాకు లేదు, నా కాళ్లు శుభ్రంగా ఉన్నాయి" అన్నాను, ముందు అద్దంలోంచి బయటికి చూస్తూ. "కార్డున్న మనిషి నా కార్లో ఉంటే మాత్రం దాన్ని ఈ కారుకి తగిలించొచ్చు. ఎవరి దగ్గరా లేదంటే మళ్లీ ఆఖరి వరుసకే పోదాం. అక్కణ్నుంచి ముగ్గురం కలిసి స్టెప్స్ కవర్ చేద్దాం."

నేను అద్దంలోంచి వెనక్కి చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది.

అప్పుడు వెనకసీట్లో జిప్ తీసిన చప్పుడైంది. దాంతోపాటే ఇంకో జిప్ చప్పుడు కూడా. రెండు సీట్ల మధ్యలోంచి రెండు గాజుల చేతులు ముందుకొచ్చాయి. ఒకదాంట్లో ఎర్ర కార్డు, ఒకదాంట్లో నీలం కార్డు.

"మీకూనా?" అన్నారు హైమావతి గారు.

"మీకూనా టీచర్ గారూ?"

"నేను... మీరు చూస్తే అనన్యని మాన్పించేస్తారని..."

"అయ్యో, మీరు చూస్తే దాన్ని వెనక్కి నిలబెడతారని కదా నేను రెండు చలికాలాలు మంచులో నడిచాను!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ హైమావతి గారు ఏడ్చేశారు. ఎన్నాళ్లనుంచి ఆపుకున్నారో, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. "కాటుక, టీచర్ గారూ, కాటుక!" అంటూ సుజాత టిష్యూలు అందిస్తోంది, తన కాటుక ఎప్పుడో కరిగిపోయిందని తెలియకుండా.

కారు నీలం గడిలోకి పోనిచ్చి, ఎర్ర కార్డు తీసుకుని అద్దానికి తగిలించాను. "బూట్ ఎక్కడ?" అని అడిగాను.

"డిక్కీలో."

సుజాత అప్పటికే హాల్లో ఉన్న భర్తకి ఫోన్ చేస్తోంది. "ఏవండీ, టీచర్ గారి కారు డిక్కీలో బూట్ ఉంది, అర్జెంట్‌గా తెండి... అబ్బా, ఏ డ్రెస్‌కీ మ్యాచింగ్ కాదండీ, విరిగిన కాలికి వేసే బూటు!"

బూట్ వేశాక ఆ కాలు మడత పడదు. నట్టువాంగం చేసేవాళ్లు వేదికమీద ఒక పక్కన కింద బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కుర్చీ తెస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. చాప మీదే కూర్చుని, నటరాజ విగ్రహం వైపు పడకుండా కాలు పక్కకి తిప్పితే, అది నేరుగా సభవైపు వచ్చింది. బూడిదరంగు ప్లాస్టిక్ బూటు, పట్టుచీర అంచు కిందనుంచి అందరి మొహాలవైపూ చాపి ఉంది. ఆవిడ మైకు తీసుకున్నారు.

"పెద్దలు క్షమించాలి. మీవైపు కాళ్లు చాపి కూర్చున్నాను. నాకు షుగరు. పాదంలో ఎముకలు విరిగాయి. ఇన్నాళ్లూ దాచాను. ఇకమీదట మీ పిల్లలకి అడుగు వేసి చూపించలేను. నోటితో చెబుతాను, చేత్తో చూపిస్తాను. నమ్మకం ఉన్నవాళ్లు పంపండి."

తల్లుల వరుసలోంచి ఎవరో, "మొదలెట్టండి టీచర్ గారూ, పిల్ల ఎదురుచూస్తోంది" అన్నారు.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను, లేకపోతే మీకు నిద్రపట్టదు. ఆరోజునుంచి నేను విప్పమనేదాకా ఆవిడ బూట్ విప్పలేదు. ఎముకలు అతుక్కున్నాయి. పాదంలో వంపు పోయింది. కాలు నిలిచింది. ఇద్దరు ముగ్గురు తల్లులు పిల్లల్ని మాన్పించారు కూడా. ఆవిడ భయం ఉత్తుత్తిదేమీ కాదు. మిగిలినవాళ్లు మిగిలారు, ఆవిడ ఇప్పటికీ కుర్చీలో కూర్చుని కర్ర ఝళిపిస్తూనే ఉన్నారు.

ఆ సాయంత్రం మాత్రం అనన్య చాలా బాగా ఆడింది. మంగళం అయ్యాక, చప్పట్ల మధ్య, చెమటతో తడిసిపోయిన ఆ పిల్ల గురువు కాళ్లకి మొక్కడానికి వచ్చింది. మోకాళ్లమీద కూర్చుని చేతులు చాపి ఆగిపోయింది. ఒకటి పారాణి పెట్టిన పాదం. ఇంకోటి బూటు.

"టీచరాంటీ, హర్ట్ అవుతుందా?" అంది.

"తెలీదమ్మా. నాకక్కడ స్పర్శ లేదు."

ఆ పిల్ల పారాణి పాదాన్ని వదిలేసి, రెండు చేతులూ ఆ ప్లాస్టిక్ బూటుమీద ఆనించి, కళ్లకద్దుకుంది. హైమావతి గారు తలమీద చెయ్యి పెట్టి ఏదో దీవించారు, నాకు వినపడలేదు. మామూలుగా అయితే అప్పుడు గురువే భుజాలు పట్టుకుని శిష్యురాలిని లేవనెత్తాలి. ఆవిడ రెండు చేతులూ ముందుకి చాపారు.

"ఇప్పుడు నన్ను లేపమ్మా" అన్నారు.

ఆ పిల్ల లేచి, కాళ్లు రెండూ నేలమీద గట్టిగా ఆనించి, ఆవిడని లేపింది.